లైనక్స్‌లో ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ సరిగా పనిచేయించడం: మొదటి బూట్ నుంచి స్లీప్ దాకా

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు సాధారణంగా ఒకటే ఉంటుంది. మానిటర్ కేబుల్ కూడా దానికే పెడతాం. ల్యాప్‌టాప్ సంగతి వేరు. చాలావాటిలో రెండు చిప్‌లు ఉంటాయి. ఒకటి ప్రాసెసర్‌తో కలిసి వచ్చే ఇంటిగ్రేటెడ్ చిప్. రెండోది గేమ్‌లకూ త్రీడీ పనులకూ పెట్టిన డెడికేటెడ్ చిప్. ల్యాప్‌టాప్ స్క్రీన్ ఒకదానికి, హెచ్‌డీఎంఐ పోర్టు మరొకదానికి కలిపి ఉండవచ్చు. పైగా ఇదంతా బ్యాటరీ మీద నడవాలి, మూత వేస్తే నిద్రపోవాలి, తీస్తే లేవాలి.

అందుకే ఏ చిప్ ఏ స్క్రీన్‌ను నడుపుతోందో తెలుసుకోకుండా డ్రైవర్ వేయడం మొదలుపెట్టకూడదని గట్టిగా నమ్ముతాను. ఇంటర్నెట్‌లో దొరికే ఆదేశాల్లో చాలావరకు ఎవరో ఒకరి ల్యాప్‌టాప్‌కు సరిపోయినవే. మీ దాంట్లో వైరింగ్ వేరుగా ఉంటే అవే ఆదేశాలు నల్లటి స్క్రీన్‌ను మిగులుస్తాయి. మనం చేరుకోవాల్సిన స్థితి ఒకటే: రోజువారీ పని అంతా ఇంటిగ్రేటెడ్ చిప్ చూసుకోవాలి, డెడికేటెడ్ చిప్ అడిగినప్పుడు మాత్రమే మేలుకోవాలి.

ఆదేశాలను ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో టైప్ చేయాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట ఆ మాట విడిగా చెబుతాను.

చేయి పెట్టే ముందు

టైమ్‌షిఫ్ట్ లాంటి సాధనంతో సిస్టమ్ స్నాప్‌షాట్, అంటే అవసరమైతే వెనక్కి వెళ్లగలిగే నకలు, తీసి ఉంచండి. గ్రాఫిక్స్ పాడైతే చూడటానికి స్క్రీన్ ఉండదు కాబట్టి, టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్లడం ముందే ఒకసారి సాధన చేయండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాలతో లాగిన్ అడిగే తెర వస్తుంది. ఎఫ్1 లేదా ఎఫ్2తో తిరిగి డెస్క్‌టాప్‌కు రావచ్చు.

ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే బయోస్‌కు కొత్త అప్‌డేట్ ఉంటే ముందే పెట్టేయండి. చాలా కంపెనీల మోడళ్లకు ఎఫ్‌డబ్ల్యూయూపీడీ సాధనం ద్వారా లైనక్స్ నుంచే బయోస్ అప్‌డేట్ వస్తుంది. స్లీప్, పవర్ సంబంధమైన సమస్యల్లో కొన్ని డ్రైవర్‌వి కావు, హార్డ్‌వేర్, పవర్ వివరాలను సిస్టమ్‌కు చెప్పే, బయోస్‌లోని ఏసీపీఐ పట్టికలవి. వాటిని డ్రైవర్ సెట్టింగ్‌లతో సరిచేయబోతే రోజులు గడిచిపోతాయి.

బయోస్‌లోకి వెళ్లినప్పుడు గ్రాఫిక్స్ మోడ్ అనే అమరిక ఉందేమో చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో హైబ్రిడ్, డిస్క్రీట్ అని రెండు ఎంపికలు ఉంటాయి. అంటే అందులో మక్స్ స్విచ్ ఉందని అర్థం. స్క్రీన్‌ను ఏ చిప్‌కు కలపాలో అది నిర్ణయిస్తుంది. ప్రస్తుతానికి హైబ్రిడ్‌లోనే ఉంచండి.

ఏ చిప్ ఉంది, దాన్ని ఏ డ్రైవర్ నడుపుతోంది

మొదటి ఆదేశం ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే. చాలా వరుసలు వస్తాయి. వాటిలో వీజీఏ కంపాటిబుల్ కంట్రోలర్, త్రీడీ కంట్రోలర్, డిస్‌ప్లే కంట్రోలర్ అనే పేర్లున్న వరుసలే మనకు కావాలి. త్రీడీ కంట్రోలర్ అని కనిపిస్తే సాధారణంగా ఆ చిప్‌కు సొంత డిస్‌ప్లే పోర్టులేవీ లేవని అర్థం. గీసిన చిత్రాన్ని అది ఇంటిగ్రేటెడ్ చిప్‌కు అందిస్తుంది, స్క్రీన్ మీద చూపేది ఇంటిగ్రేటెడ్ చిప్పే.

ప్రతి చిప్ కింద కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్ అనే వరుస ఉంటుంది. ఇంటెల్ అయితే ఐ915 లేదా కొత్త చిప్‌లలో ఎక్స్‌ఈ, ఏఎండీ అయితే ఏఎండీజీపీయూ, ఎన్‌విడియా అయితే నువో లేదా ఎన్‌విడియా అని కనిపించాలి. ఆ వరుసే లేకపోతే ఆ చిప్‌ను ఏ డ్రైవరూ పట్టుకోలేదు. అక్కడే ఆగి, తర్వాతి భాగంలో చెప్పిన కెర్నల్, ఫర్మ్‌వేర్ సంగతి తేల్చుకోవాలి. ప్రతి చిప్ ముందు ఉండే 01:00.0 లాంటి అంకెను రాసి పెట్టుకోండి, బ్యాటరీ దగ్గర అవసరమవుతుంది.

రెండో ఆదేశం జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో -బీ. ఇందులో బీ మాత్రం పెద్ద అక్షరం. ఓపెన్‌జీఎల్ రెండరర్ అనే వరుసలో ఇప్పుడు డెస్క్‌టాప్‌ను గీస్తున్నది ఎవరో తెలుస్తుంది. మీ చిప్ పేరు ఉంటే సరే. ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటే గ్రాఫిక్స్ పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతోందన్నమాట. విండోలు తడబడటం, ఏ పనీ లేకుండానే ఫ్యాన్ హోరెత్తడం దీని లక్షణాలే. గేమ్‌లు వాడే మరో గ్రాఫిక్స్ భాష వల్కన్ కోసం వల్కన్‌ఇన్ఫో --సమ్మరీ నడిపితే రెండు చిప్‌లూ జాబితాలో కనిపించాలి.

మూడోది పోర్టుల పటం. /సిస్/క్లాస్/డీఆర్‌ఎం అనే ఫోల్డర్‌లో కార్డ్0-ఈడీపీ-1, కార్డ్1-హెచ్‌డీఎంఐ-ఏ-1 లాంటి పేర్లు ఉంటాయి. ఈడీపీ అంటే ల్యాప్‌టాప్ సొంత స్క్రీన్. దాని ముందున్న కార్డు సంఖ్య ఏ చిప్‌దో ఆ చిప్పే స్క్రీన్‌ను నడుపుతోంది. హెచ్‌డీఎంఐ ముందు వేరే సంఖ్య ఉంటే ఆ పోర్టు రెండో చిప్‌కు తగిలించి ఉందని తెలుస్తుంది. టైప్-సీ పోర్టుకు మానిటర్ పెట్టి, ఏ పేరు కింద ఉన్న స్టేటస్ ఫైలు కనెక్టెడ్ అని మారిందో చూస్తే దాని గుట్టూ బయటపడుతుంది. ఈ మూడు సమాధానాలూ ఒక కాగితం మీద రాసుకోండి. ఇకపై ఏ నిర్ణయమైనా వాటి మీదే ఆధారపడుతుంది.

పునాది: కెర్నల్, ఫర్మ్‌వేర్, మేసా

లైనక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ అనేది ఒకే ముక్క కాదు. లైనక్స్‌కు గుండె లాంటి కెర్నల్‌లో మాడ్యూల్ అనే భాగం హార్డ్‌వేర్‌ను నడుపుతుంది. ఆ హార్డ్‌వేర్‌లోకి ఎక్కాల్సిన ఫర్మ్‌వేర్ ఫైళ్లు విడిగా ఒక ప్యాకేజీలో ఉంటాయి. ఓపెన్‌జీఎల్, వల్కన్ భాషల్లో ప్రోగ్రాములు అడిగే పనిని చిప్‌కు అర్థమయ్యేలా మార్చేది మేసా. ఈ మూడింటిలో ఒకటి మరీ పాతదైతే మిగతా రెండూ ఎంత కొత్తవైనా ఉపయోగం లేదు.

ల్యాప్‌టాప్ మార్కెట్లోకి వచ్చి ఏడాది కూడా కాకపోతే, దీర్ఘకాలిక మద్దతున్న పాత డిస్ట్రిబ్యూషన్‌తో కుస్తీ పట్టవద్దు. చిప్ కన్నా ముందే విడుదలైన కెర్నల్‌కు ఆ చిప్ పేరు కూడా తెలియకపోవచ్చు. ఉబుంటు దీర్ఘకాలిక విడుదలలో కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ పెట్టుకోవచ్చు. డెబియన్‌లో బ్యాక్‌పోర్ట్స్ (పాత విడుదలకు ఇచ్చే కొత్త వెర్షన్లు) ఉన్నాయి. ఫెడోరా, ఆర్చ్ ఎలాగూ కొత్త కెర్నల్‌తోనే నడుస్తాయి.

ఫర్మ్‌వేర్ లోపించిందో లేదో తెలుసుకోవడానికి సుడో డీమెసేజ్ ఆదేశాన్ని వాడాలి (సుడో అంటే అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడపమని). దాన్ని ఇంగ్లిష్‌లో డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే అయిదు అక్షరాలతో రాస్తారు. అందులో ఫర్మ్‌వేర్ అనే మాటను వెతకండి. ఫలానా ఫైలును లోడ్ చేయలేకపోయానని ఉంటే లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీని అప్‌డేట్ చేయండి. డెబియన్ 2023లో వచ్చిన 12వ విడుదల నుంచి నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే విభాగాన్ని విడిగా ఏర్పరచి, ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తోంది. అంతకు ముందు విడుదల నుంచి అప్‌గ్రేడ్ అయినవారు ఆ విభాగాన్ని తమ సోర్సుల జాబితాలో చేర్చుకోవాలి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్క్రీన్ రాక నోమోడ్‌సెట్ అనే పదం వాడి బూట్ చేసినవారు చాలామంది ఉంటారు. అది మొదటి మెట్టు దాటించడానికి మాత్రమే. అది ఉన్నంతకాలం అసలు గ్రాఫిక్స్ డ్రైవర్లు పనిచేయవు, రిజల్యూషన్ మారదు, వెలుతురు తగ్గదు. డ్రైవర్ కుదిరాక, బూట్ మెనూ చూపే గ్రబ్ అమరికలుండే /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైలులో అది మిగిలిపోయి ఉందేమో చూసి తీసేయండి. ఏళ్ల తరబడి దానితోనే నడిపి లైనక్స్ నెమ్మది అనుకునేవారున్నారు.

ఇంటెల్, ఏఎండీ చిప్‌లు మాత్రమే ఉంటే

మీ పని దాదాపు అయిపోయినట్టే. రెండు సంస్థల డ్రైవర్లూ కెర్నల్‌లోనే, మేసాలోనే ఉన్నాయి. ఏఎండీ వెబ్‌సైటులో కనిపించే ప్రత్యేక డ్రైవర్ ప్యాకేజీ కొన్ని వృత్తిపరమైన అవసరాలకు ఉద్దేశించింది, మామూలు వాడకానికి అక్కర్లేదు. ఇంటెల్ కోసం ఎక్స్‌ఎఫ్86-వీడియో-ఇంటెల్ అనే పాత డ్రైవర్‌ను (ఎక్స్ అనే డిస్‌ప్లే వ్యవస్థ కోసం రాసింది) పెట్టమని చెప్పే సలహాలు ఇంకా తిరుగుతున్నాయి. కొత్త చిప్‌లకు అది మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. పెట్టకపోతే మోడ్‌సెట్టింగ్ డ్రైవర్ తనంతట తానే ఆ పని చూసుకుంటుంది. ఎక్స్‌ఓఆర్‌జీ కాన్ఫిగరేషన్ ఫైలును చేత్తో రాయడం కూడా ఇప్పుడు చాలా అరుదైన అవసరం.

ఎన్‌విడియా ఉంటే

2010లో ఎన్‌విడియా ఆప్టిమస్ పేరుతో రెండు చిప్‌ల మధ్య మారే పద్ధతిని తెచ్చింది. లైనక్స్ వాడేవారికి ఏళ్లపాటు దానికి సరైన మద్దతు దొరకలేదు. 2012లో ఫిన్‌లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఎన్‌విడియాను తీవ్రంగా నిందించిన ప్రసిద్ధ సందర్భానికి కారణం ఆప్టిమస్ ల్యాప్‌టాప్ గురించి ఒక శ్రోత అడిగిన ప్రశ్నే. ఆ రోజుల్లో బంబుల్‌బీ అనే ప్రాజెక్టు ఆ లోటును తీర్చింది. ఇప్పుడు దాని అవసరం లేదు. బంబుల్‌బీ పేరు కనిపించే మార్గదర్శిని వెంటనే పక్కన పెట్టేయండి, అది మీ ల్యాప్‌టాప్ కోసం రాసింది కాదు.

2022 మేలో ఎన్‌విడియా తన కెర్నల్ మాడ్యూళ్ల సోర్సును బయటపెట్టింది. అప్పటి నుంచి ఎంపిక ఇలా ఉంది. జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20, ఆ తర్వాతి శ్రేణులకు ఈ ఓపెన్ మాడ్యూళ్లు పనిచేస్తాయి. ఆర్‌టీఎక్స్ 50 శ్రేణికి అవి తప్ప వేరే మార్గం లేదు. జీటీఎక్స్ 10 శ్రేణికీ, మాక్స్‌వెల్ తరం చిప్‌లకూ 580 డ్రైవర్ శాఖే చివరిది. ఇంకా పాత కెప్లర్ తరానికి 470 శాఖతో మద్దతు ఆగిపోయింది. ల్యాప్‌టాప్ చిప్‌ల పేర్లు మోసం చేస్తాయి. ఒకే శ్రేణి సంఖ్య కింద రెండు తరాల చిప్‌లు అమ్ముడైన సందర్భాలున్నాయి. ఎల్‌ఎస్‌పీసీఐ చూపిన జీఎం, జీపీ, టీయూ, జీఏ, ఏడీ లాంటి సంకేతాన్నే నమ్మండి. అవి వరుసగా మాక్స్‌వెల్, పాస్కల్, ట్యూరింగ్, ఆంపియర్, ఏడా తరాలకు గుర్తులు.

డ్రైవర్‌ను ఎప్పుడూ మీ డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీల నుంచే తీసుకోండి. ఎన్‌విడియా సైటులో దొరికే ఇన్‌స్టాలర్ ఫైలును నేరుగా నడిపితే ప్యాకేజీ మేనేజర్‌కు తెలియకుండా ఫైళ్లు చేరతాయి. తర్వాత ఎప్పుడో కెర్నల్ మారినప్పుడు స్క్రీన్ నల్లబడుతుంది, దానికి కారణం ఎవరికీ గుర్తుండదు.

ఉబుంటులో ఉబుంటు-డ్రైవర్స్ లిస్ట్ అని అడిగితే సరిపోయే వెర్షన్లు చూపుతుంది. సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్ అంటే సిఫార్సు చేసినదాన్ని పెడుతుంది. మింట్‌లో డ్రైవర్ మేనేజర్ ఉంది. ఆర్చ్‌లో కొత్త చిప్‌లకు ఎన్‌విడియా-ఓపెన్, సొంత కెర్నల్ వాడేవారికి దాని డీకేఎంఎస్ రూపం (కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను మళ్లీ తయారుచేసేది). డెబియన్‌లో నాన్-ఫ్రీ విభాగం చేర్చి ఎన్‌విడియా-డ్రైవర్. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ రిపాజిటరీ చేర్చి ఏకేమాడ్-ఎన్‌విడియా.

ఫెడోరా వాడేవారు ఇక్కడ ఓపిక పట్టాలి. ప్యాకేజీ చేరిన తర్వాత కూడా మాడ్యూల్ వెనకాల తయారవుతూనే ఉంటుంది. వెంటనే రీబూట్ చేస్తే అసంపూర్తిగా మిగులుతుంది. కొన్ని నిమిషాలు ఆగి మాడ్‌ఇన్ఫో -ఎఫ్ వెర్షన్ ఎన్‌విడియా అని అడగండి, ఎఫ్ పెద్ద అక్షరం. వెర్షన్ సంఖ్య వచ్చాకే రీబూట్ చేయాలి. డీకేఎంఎస్ వాడే డిస్ట్రిబ్యూషన్లలో కెర్నల్ హెడర్స్ ప్యాకేజీ లేకపోతే మాడ్యూల్ తయారే కాదు. ఆ లోటు చాలాసార్లు మొదటి రోజు కాక, తర్వాతి కెర్నల్ అప్‌డేట్ రోజున బయటపడుతుంది.

రీబూట్ తర్వాత ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ నడపండి. చిప్ పేరు, డ్రైవర్ వెర్షన్ ఉన్న పట్టిక వస్తే డ్రైవర్ కుదిరింది. డ్రైవర్, లైబ్రరీ వెర్షన్లు కలవడం లేదని చెబితే, అప్‌డేట్ జరిగింది కానీ పాత మాడ్యూలే మెమరీలో ఉందని అర్థం. మరో రీబూట్‌తో పోతుంది. తెర మీద విండోలను చూపే కొత్త వ్యవస్థ వేలాండ్ వాడేవారికి 555 కన్నా పాత డ్రైవర్ పెట్టవద్దని చెబుతాను. 2024లో వచ్చిన ఆ శాఖలోనే, ఫ్రేము సిద్ధమయ్యాకే చూపేలా చేసే ఎక్స్‌ప్లిసిట్ సింక్ చేరింది. ఎక్స్‌వేలాండ్ కింద నడిచే పాత ఎక్స్ ప్రోగ్రాముల విండోలు మిణుకుమనే సమస్య దానితో చాలావరకు తీరింది.

నువో అనే స్వేచ్ఛా డ్రైవర్‌తోనే ఉండిపోవచ్చా? ట్యూరింగ్, ఆ తర్వాతి చిప్‌లలో చిప్‌లోని జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ ఫర్మ్‌వేర్ సాయంతో అది చిప్ వేగాన్ని పెంచగలుగుతోంది, మేసాలో ఎన్‌వీకే అనే వల్కన్ డ్రైవర్ కూడా ఉంది. మాక్స్‌వెల్ రెండో తరం, పాస్కల్ చిప్‌లలో మాత్రం సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ అడ్డుపడటంతో చిప్ అత్యల్ప వేగంలోనే ఉండిపోతుంది. ఆ తరం ల్యాప్‌టాప్‌లలో డెడికేటెడ్ చిప్ శక్తి కావాలంటే ఎన్‌విడియా డ్రైవరే దిక్కు.

సెక్యూర్ బూట్ తలుపు

అన్నీ సరిగా చేసినా ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ డ్రైవర్‌ను చేరుకోలేకపోతున్నానంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ తిరస్కరిస్తుంది. మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్ అని అడిగితే ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. సెక్యూర్ బూట్‌ను ఆపేయడం తేలిక దారే, కానీ పక్కనే విండోస్ ఉంటే అక్కడ డిస్క్ ఎన్‌క్రిప్షన్ రికవరీ కీ అడగవచ్చు. నా ఓటు కీ నమోదుకే, అంటే మాడ్యూల్ మీది సంతకాన్ని నమ్మమని సిస్టమ్‌కు చెప్పడానికే.

ఉబుంటు ఇచ్చే ముందే తయారైన మాడ్యూళ్లకు సంతకం ఉంటుంది, ఏమీ చేయనక్కర్లేదు. డీకేఎంఎస్ దారిలో వెళితే ఇన్‌స్టాల్ సమయంలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. ఫెడోరాలో ఏకేమాడ్స్ తయారుచేసిన పబ్లిక్ కీని మోక్‌యుటిల్ --ఇంపోర్ట్‌తో మనమే అందించాలి, అక్కడా పాస్‌వర్డ్ అడుగుతుంది. తర్వాతి రీబూట్‌లో నీలం తెర ఒకటి వస్తుంది. సుమారు పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే అది వెళ్లిపోయి మామూలుగా బూట్ అవుతుంది. అప్పుడు మళ్లీ మొదటి నుంచి నమోదు చేయాలి. ఆ తెరలో ఎన్‌రోల్ మోక్ (మోక్ అంటే యజమాని నమోదు చేసే కీ) ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. అక్కడ కీబోర్డు అమెరికన్ అమరికలో ఉంటుంది కాబట్టి మామూలు అక్షరాలు, అంకెలతోనే పాస్‌వర్డ్ పెట్టండి.

ఏ ప్రోగ్రామ్ ఏ చిప్ మీద

హైబ్రిడ్ మోడ్‌లో అన్నీ ఇంటిగ్రేటెడ్ చిప్ మీదే మొదలవుతాయి. బరువైన ప్రోగ్రామ్‌ను పెద్ద చిప్ మీద నడపాలని మనం చెప్పాలి. దీన్నే ప్రైమ్ రెండర్ ఆఫ్‌లోడ్ అంటారు. రెండో చిప్ ఏఎండీ లేదా నువోతో నడిచేదైతే ప్రోగ్రామ్ పేరుకు ముందు డీఆర్‌ఐ_ప్రైమ్=1 అని పెద్ద అక్షరాల్లో రాస్తే చాలు. ఎన్‌విడియా డ్రైవర్‌కు ఈ సౌకర్యం 2019లో 435 శాఖతో వచ్చింది. దానికి పొడుగాటి వేరియబుల్స్ ఉన్నాయి, అయితే వాటన్నిటినీ కలిపి పెట్టే ప్రైమ్-రన్ అనే చిన్న స్క్రిప్టు చాలా డిస్ట్రిబ్యూషన్లలో దొరుకుతుంది. ప్రైమ్-రన్ జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో -బీ అని నడిపి, రెండరర్ వరుసలో ఎన్‌విడియా పేరు వస్తే ఆఫ్‌లోడ్ పనిచేస్తోంది.

టెర్మినల్ వద్దనుకుంటే స్విచరూ-కంట్రోల్ అనే సర్వీసు ఉండాలి. అప్పుడు గ్నోమ్‌లో ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే డెడికేటెడ్ చిప్‌తో నడిపే ఎంపిక కనిపిస్తుంది. స్టీమ్‌లో ఒక్కో గేమ్ లాంచ్ ఆప్షన్లలో ప్రైమ్-రన్ %కమాండ్% అని పెట్టవచ్చు. విండోస్ గేమ్‌లను లైనక్స్‌లో నడిపే ప్రోటాన్ ద్వారా నడిచే గేమ్‌లలో చాలావాటికి ఇదీ అక్కర్లేదు, అందులోని డీఎక్స్‌వీకే అనే భాగం తనంతట తానే డెడికేటెడ్ చిప్‌ను ముందుగా ఎంచుకుంటుంది.

ప్రోగ్రాములను మిగతా సిస్టమ్ నుంచి వేరుగా ఉంచే ఫ్లాట్‌ప్యాక్ వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. అందులోని ప్రోగ్రాములు బయటి ఎన్‌విడియా లైబ్రరీలను వాడవు, సరిగ్గా అదే వెర్షన్ ఉన్న తమ సొంత ప్రతిని కోరతాయి. డ్రైవర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ కూడా నడపండి. లేకపోతే గేమ్ ఒక్కసారిగా నత్తనడక నడుస్తుంది.

పెద్ద చిప్ నిజంగా నిద్రపోతోందా

బ్యాటరీ త్వరగా అయిపోతోందంటే చాలాసార్లు కారణం ఇక్కడే ఉంటుంది. ఇందాక రాసిపెట్టుకున్న అంకె ముందు నాలుగు సున్నాలూ ఒక కోలన్‌ చేర్చి, /సిస్/బస్/పీసీఐ/డివైసెస్/0000:01:00.0/పవర్/రన్‌టైమ్_స్టేటస్ అనే ఫైలును క్యాట్ ఆదేశంతో చదవండి. సస్పెండెడ్ అని ఉండాలి. యాక్టివ్ అని ఉంటే ఏదో దాన్ని మేల్కొల్పి ఉంచుతోంది.

ఈ పరీక్షకు ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ వాడకండి. అడగడంతోనే అది చిప్‌ను లేపేస్తుంది. ప్యానెల్‌లో కార్డు ఉష్ణోగ్రత చూపే ఎక్స్‌టెన్షన్లు చేసేదీ ఇదే: బ్యాటరీ సంగతి తెలుసుకుందామని పెట్టుకున్న సాధనమే బ్యాటరీని తినేస్తుంది. వాటిని ఆపి, ఒక నిమిషం ఆగి మళ్లీ చదవండి.

ఎన్‌విడియాలో ఆంపియర్, ఆ తర్వాతి ల్యాప్‌టాప్ చిప్‌లకు ఈ నిద్ర డిఫాల్ట్‌గానే ఉంటుంది. ట్యూరింగ్‌కు మాత్రం /ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి, ఆప్షన్స్ ఎన్‌విడియా ఎన్‌వీరెగ్_డైనమిక్‌పవర్‌మేనేజ్‌మెంట్=0ఎక్స్02 అని రాయాలి. ఆ పేరులో ఎన్, వీ, ఆ తర్వాత ప్రతి మాట మొదటి అక్షరం పెద్దవి, రెగ్ మొత్తం చిన్న అక్షరాలే. చిప్‌తోపాటు ఉండే హెచ్‌డీఎంఐ ఆడియో భాగం, అదే 01:00.1, దానికీ పవర్/కంట్రోల్ ఫైలులో ఆటో అని ఉండాలి. ఆ చిన్న భాగం మేలుకుని ఉన్నా పెద్ద చిప్‌కు పూర్తి నిద్ర ఉండదు.

ట్యూరింగ్ కన్నా పాత ఎన్‌విడియా చిప్‌లకు ఆ డ్రైవర్‌లో ఈ రకం నిద్ర లేదు. ప్రయాణంలో బ్యాటరీ ముఖ్యమైతే ఉబుంటులో సుడో ప్రైమ్-సెలెక్ట్ ఇంటెల్ అని, ఇతర చోట్ల ఎన్వీకంట్రోల్ సాధనంతో ఇంటిగ్రేటెడ్ మోడ్‌కు మారి రీబూట్ చేయడమే మార్గం. ఏఎండీ డెడికేటెడ్ చిప్‌లను ఏఎండీజీపీయూ డ్రైవర్ తనంతట తానే నిద్రపుచ్చుతుంది.

బయటి మానిటర్

హెచ్‌డీఎంఐ పోర్టు డెడికేటెడ్ చిప్‌ది అయితే, మానిటర్ తగిలించినంతసేపూ ఆ చిప్ మేలుకునే ఉంటుంది. అది లోపం కాదు, వైరింగ్ అలా ఉంది. ఇంటిగ్రేటెడ్ చిప్ గీసిన ప్రతి ఫ్రేమునూ రెండో చిప్‌కు కాపీ చేయాలి కాబట్టి పెద్ద రిజల్యూషన్‌లో మౌస్ కదలిక కాస్త బరువుగా అనిపించవచ్చు. మీరు గీసుకున్న పోర్టుల పటంలో టైప్-సీ ఇంటిగ్రేటెడ్ చిప్‌కు కలిసి ఉంటే మానిటర్‌ను అటు మార్చండి, రెండు సమస్యలూ పోతాయి. ఎప్పుడూ చార్జర్ మీదే, బయటి మానిటర్‌తోనే పనిచేసేవారికి మాత్రం బయోస్‌లో డిస్క్రీట్ మోడ్ ఎంచుకోవడమే హాయి.

మానిటర్ అసలు కనిపించకపోతే, ఎన్‌విడియా-డీఆర్‌ఎం మాడ్యూల్‌లో మోడ్‌సెట్ ఆన్‌లో ఉందో చూడండి. సుడోతో /సిస్/మాడ్యూల్/ఎన్‌విడియా_డీఆర్‌ఎం/పారామీటర్స్/మోడ్‌సెట్ ఫైలును చదివితే వై అని రావాలి. ఎన్ వస్తే ఎన్‌విడియా-డీఆర్‌ఎం.మోడ్‌సెట్=1 అనే మాటను కెర్నల్ వరుసలో చేర్చాలి (ఎలాగో తర్వాతి భాగంలో ఉంది). వేలాండ్‌కు ఇది తప్పనిసరి.

మిణుకు, వెలుతురు

స్క్రీన్ మిణుకుమనడం, టైప్ చేస్తుంటే అక్షరాలు ఆలస్యంగా కనిపించడం ఉంటే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అనే పవర్ పొదుపు ఏర్పాటును అనుమానించండి. ఇంటెల్ ఐ915కు ఐ915.ఎనేబుల్_పీఎస్‌ఆర్=0, ఏఎండీకి ఏఎండీజీపీయూ.డీసీడీబగ్‌మాస్క్=0ఎక్స్10. వీటిని వెంటనే శాశ్వతంగా రాయకండి. బూట్ సమయంలో గ్రబ్ మెనూలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివర చేర్చి ఒక్కసారికి పరీక్షించండి. సమస్య పోయిందని తేలాకే /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో చేర్చి సుడో అప్‌డేట్-గ్రబ్ నడపండి. ఫెడోరాలో ఈ పనికి గ్రబ్బీ ఉంది. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, అనవసరమైనది బ్యాటరీని తింటూ ఏళ్లపాటు అక్కడే ఉండిపోతుంది.

వెలుతురు కీలు పనిచేయకపోతే /సిస్/క్లాస్/బ్యాక్‌లైట్‌లో ఏమున్నాయో చూడండి. ఖాళీగా ఉన్నా, స్క్రీన్‌ను నడపని చిప్ పేరే ఉన్నా ఏసీపీఐ_బ్యాక్‌లైట్=నేటివ్ అనే మాటను అదే పద్ధతిలో పరీక్షించండి. దాంతో కాకపోతే నేటివ్ స్థానంలో వీడియో, ఆ తర్వాత వెండర్.

మూత వేసి తీస్తే

క్యాట్ /సిస్/పవర్/మెమ్_స్లీప్ అని అడిగితే చదరపు బ్రాకెట్లలో ఉన్నది ప్రస్తుత పద్ధతి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎస్2ఐడిల్ (తేలిక నిద్ర) ఒక్కటే ఉండటం మామూలు. డీప్ (గాఢ నిద్ర) కూడా ఉంటే దాన్ని ప్రయత్నించవచ్చు, కానీ కంపెనీ బయోస్‌లో దాన్ని పట్టించుకోకుండా వదిలేసిన మోడళ్లలో అది లేవకపోవచ్చు.

ఎన్‌విడియాతో మూత తీయగానే బొమ్మలు చెదిరి, అక్షరాలు గజిబిజిగా కనిపిస్తే చిప్ మెమరీలోని సమాచారం నిద్రలో పోయిందన్నమాట. ఎన్‌వీరెగ్_ప్రిజర్వ్‌వీడియోమెమరీఅలొకేషన్స్=1 అనే ఆప్షన్‌ను మాడ్‌ప్రోబ్.డీ ఫైలులో పెట్టి, ఎన్‌విడియా-సస్పెండ్, ఎన్‌విడియా-రెజ్యూమ్, ఎన్‌విడియా-హైబర్నేట్ అనే మూడు సర్వీసులనూ సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్‌తో ఆన్ చేయాలి. ఒకటి పెట్టి మరొకటి మరిస్తే ఫలితం ఉండదు. ఆ సమాచారం డిఫాల్ట్‌గా /టీఎంపీకి వెళ్తుంది. మీ డిస్ట్రిబ్యూషన్‌లో అది ర్యామ్‌లో ఉండేదైతే, ఎన్‌వీరెగ్_టెంపరరీఫైల్‌పాత్ ఆప్షన్‌తో /వార్/టీఎంపీకి మార్చండి. మార్పుల తర్వాత, బూట్ మొదట్లో లోడ్ అయ్యే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలును మళ్లీ తయారుచేయాలి. ఉబుంటు, డెబియన్‌లలో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యూ, ఫెడోరాలో డ్రాకట్ --ఫోర్స్, ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ -పీ, ఈ పీ పెద్ద అక్షరం.

వీడియో చూస్తే ఫ్యాన్ తిరుగుతోందా

వీఏఇన్ఫో నడిపితే చిప్ డీకోడ్ చేయగల వీడియో రకాలు వస్తాయి. ఇంటెల్ బ్రాడ్‌వెల్, ఆ తర్వాతి చిప్‌లకు ఐహెచ్‌డీ డ్రైవర్, అంతకన్నా పాతవాటికి ఐ965 కావాలి. ఫెడోరా పేటెంట్ కారణాలతో 2022లో హెచ్.264, హెచ్.265 డీకోడింగ్‌ను తన మేసా నుంచి తీసేసింది. ఏఎండీ చిప్ ఉన్నవారు ఆర్‌పీఎం ఫ్యూజన్ నుంచి మేసా-వీఏ-డ్రైవర్స్-ఫ్రీవరల్డ్ పెట్టుకోవాలి. ఎంపీవీ ప్లేయర్‌ను --హెచ్‌డబ్ల్యూడెక్=ఆటో-సేఫ్ అనే ఆప్షన్‌తో నడిపి, ఐ అక్షరం నొక్కితే హార్డ్‌వేర్ డీకోడింగ్ జరుగుతోందో లేదో తెర మీదే చూపుతుంది.

తెర నల్లబడితే

హైబ్రిడ్ ల్యాప్‌టాప్‌లో ఒక సౌలభ్యం ఉంది: ఎన్‌విడియా డ్రైవర్ చెడినా ఇంటిగ్రేటెడ్ చిప్ స్క్రీన్‌ను నడపగలదు. గ్రబ్‌లో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం నొక్కి, లైనక్స్ వరుస చివర మాడ్యూల్_బ్లాక్‌లిస్ట్=ఎన్‌విడియా,ఎన్‌విడియా_డీఆర్‌ఎం,ఎన్‌విడియా_మోడ్‌సెట్ అని చేర్చి బూట్ చేయండి. డెస్క్‌టాప్ రావాలి. రాకపోతే గ్రబ్ అధునాతన మెనూలో పాత కెర్నల్‌ను ప్రయత్నించండి. లోపలికి చేరాక సుడో జర్నల్‌సీటీఎల్ -బీ -1 -కే అని అడిగితే విఫలమైన బూట్ తాలూకు కెర్నల్ సందేశాలు వస్తాయి. కీ తిరస్కరణ సందేశం ఉంటే సెక్యూర్ బూట్, ఫర్మ్‌వేర్ ఫైలు పేరు ఉంటే పునాది భాగం, డ్రైవర్ ఊసే లేకపోతే ఆ కెర్నల్‌కు మాడ్యూల్ తయారు కాలేదు.

ఇన్ని చేసినా తీరని సమస్య నిజమైన బగ్ కావచ్చు. ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్ల బగ్‌లను ఫ్రీడెస్క్‌టాప్ గిట్‌ల్యాబ్‌లో స్వీకరిస్తారు. ఎన్‌విడియా డ్రైవర్‌తోపాటే ఎన్‌విడియా-బగ్-రిపోర్ట్.ఎస్‌హెచ్ అనే స్క్రిప్టు వస్తుంది, దాన్ని సుడోతో నడిపితే కావాల్సిన వివరాలన్నీ ఒకే ఫైలులో చేరతాయి. ల్యాప్‌టాప్ మోడల్, బయోస్ వెర్షన్, కెర్నల్ వెర్షన్, మీరు రాసుకున్న పోర్టుల పటం కూడా జతచేయండి. ఫలానా కెర్నల్ దాకా బాగుంది, ఫలానా దాంతో చెడింది అని చెప్పగలిగితే డెవలపర్లకు వెతకాల్సిన చోటు చాలా తగ్గుతుంది.